బల్ల కింది ఊపిరి

డోన్‌లో పాత బస్టాండు వెనక ఫోటోలకు ఫ్రేములు కట్టే మద్దిలేటి అనే అతను ఉండేవాడు. అతని పనితనానికి వంక పెట్టేవాళ్ళు లేరు గాని, పనిముట్టు మీద మాత్రం అతనికి ఆవగింజంత దయ కూడా ఉండేది కాదు.

అతని దగ్గరికి వచ్చే ఫోటోల్లో ముప్పాతిక వంతు చనిపోయినవాళ్ళవే. మద్దిలేటి చెక్క బద్ద కోసి, అంచు తీర్చి, అద్దం కూర్చునే గాడి తీసి, నాలుగు మూలలూ కలిపేవాడు. అతని భార్య సుంకమ్మ అద్దం కోసి, బ్లోయరుతో దుమ్ము ఊది, వెనక అట్ట బిగించేది. గోడవార అరలో పదీ పన్నెండు మంది పోయినవాళ్ళు ఎప్పుడూ వరుసగా నిలబడి షాపు లోపలికి చూస్తూ ఉండేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ చూపులకు ముడుచుకుపోయి గుమ్మం దగ్గరే ఆగేవాళ్ళు. మద్దిలేటికి అది అలవాటైపోయింది. వాళ్ళ ఎదురుగానే అన్నం తినేవాడు, వాళ్ళ ఎదురుగానే కునుకు తీసేవాడు.

బద్దల అంచులు తీర్చడానికి అతని దగ్గర ఒక రూటర్ మెషీను ఉండేది. దాన్ని చేత్తో పట్టుకునే పని లేకుండా ఒక బల్ల కింద తలకిందులుగా బిగించాడు. బల్ల మధ్యలోని రంధ్రంలోంచి గిరగిర తిరుగుతూ చెక్కను కోసే బిట్టు మాత్రం వేలెడంత పైకి కనిపించేది. బద్దను దానికి ఆనించి తోస్తూ పోతే అంచు వెన్నలా తెగేది. కాని తెగిన చెక్కపొడి అంతా ఆ రంధ్రంలోంచే జారి మెషీను మీద పడేది. లోపలి ఫ్యాను గాలితో పాటు ఆ పొడినీ పీల్చుకునేది. మద్దిలేటి ఏనాడూ దాన్ని విప్పి తుడవలేదు. అద్దాల మీద దుమ్ము ఊదే బ్లోయరు మెషీనుకు రెండు మూరల దూరంలోనే వేలాడుతూ ఉండేది. దాన్ని ఒక్కసారి కూడా అటు తిప్పలేదు. రెండు మూడు విడతలుగా తీయాల్సిన కోతను ఒక్క తోపులో తీసేవాడు. బిట్టు మొద్దుబారితే మార్చే బదులు ఇంకాస్త బలంగా అదిమేవాడు.

అట్లా రెండేళ్ళలో మూడు మెషీన్లు కాలిపోయాయి. మోటార్లు చుట్టే దస్తగిరి ప్రతిసారీ మెషీను విప్పి, లోపల అట్టకట్టిన పొడిని గోటితో గీకి చూపించి, దీనికి గాలి ఆడనివ్వకుండా చంపావని చెప్పేవాడు. మద్దిలేటి ఆ మాట చెవిన పెట్టేవాడు కాదు. మెషీను ఉన్నది పని చేయడానికని, దానికి నలుగు పెట్టి తలంటు పోయడం తన వల్ల కాదని నవ్వేసేవాడు.

మూడో మెషీను కాలిన వారంలోనే రైలు పట్టాల అవతల మౌనేశ్వరాచారి పనిముట్లు అమ్ముతున్నారని అతనికి కబురు తెలిసింది. ఆచారి పేరున్న వడ్రంగి. చివరి రోజుల్లో ఊపిరి అందక మంచాన పడి, పదకొండు నెలల కిందట పోయాడు. ఆయన కూతురు కాళికాంబ ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని సాకేది. పిల్లలు మరీ పసివాళ్ళు, వాళ్ళకు తాత మొహం కూడా సరిగా గుర్తులేదు. మద్దిలేటి వెళ్ళేసరికి ఆమె ఉలులూ చిత్రికలూ గుడ్డలో చుట్టి పెట్టి ఉంచింది. వాటి పక్కన ముదురాకుపచ్చ రంగు రూటర్ ఒకటి ఉంది. అది పన్నెండేళ్ళ నాటిదంటే మద్దిలేటి నమ్మలేదు. మీట నొక్కాడు. తుమ్మెద రొదలా సన్నగా, నిలకడగా మోగింది. బేరం ఆడకుండానే తీసుకున్నాడు.

కాళికాంబ దాన్ని అతని చేతికి ఇచ్చే ముందు తండ్రి దాన్ని ఎట్లా చూసుకునేవాడో చెప్పింది. సాయంత్రం పని కాగానే దాన్ని బల్ల నుంచి విప్పి గాలితో లోపలి పొడి ఊదేసేవాడట. బిట్టును పట్టుకునే బిగింపును గుడ్డతో తుడిచేవాడట. బిట్టును అడుగు తగిలేదాకా దించకుండా గోరంత పైకి ఎత్తి బిగించేవాడట. పెద్ద బిట్టు పెడితే వేగం తగ్గించేవాడట. బరువు పని అయిన వెంటనే ఆపకుండా కాసేపు ఖాళీగా తిరగనిచ్చి, లోపలి వేడి పోయాకే ఆపేవాడట. మద్దిలేటి అన్నిటికీ తల ఊపాడు. అతని ధ్యాసంతా మెషీను మీదే ఉందని ఆమె కనిపెట్టింది.

"మా నాయన ఒక మాట చెప్పేవాడన్నా" అంది. "బల్ల కింద వేలాడేది నోరు తెరుచుకుని పడుకున్న మనిషి లాంటిదట. దాని మొహం మీద మన్ను పోసినట్టు పొడి పోయొద్దు అనేవాడు."

"అట్లనే అమ్మా, అట్లనే" అన్నాడు మద్దిలేటి.

తర్వాత ఆమె ఒక కవరు తెచ్చి ఇచ్చింది. అందులో ఆచారి ఫోటో ఉంది. ఆయనకు ఫోటో దిగడమంటే పడదు. బల్లలు చేసిచ్చిన బడివాళ్ళు శాలువా కప్పిన రోజున మొహమాటానికి దిగిన ఫోటో అది ఒక్కటే. సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకునే కాలం ఇంకా రాలేదు. తీసిన స్టూడియో మూతపడింది. ఇంకో కాపీ లేదు. తెల్లటి మీసం, భుజాన శాలువా, గట్టిగా మూసుకున్న పెదాలు. మూడు వారాల్లో సంవత్సరీకం ఉందని, ఆలోపు వెడల్పాటి ఫ్రేము కట్టి ఇవ్వమని కోరింది. ఆ ఫ్రేమును నాయన మెషీను మీదే చేయమంది. మద్దిలేటి మాట ఇచ్చాడు. షాపుకు వెళ్ళగానే మెషీనును బల్ల కింద బిగించాడు. ఫోటోను అరలో బల్లకు ఎదురుగా నిలబెట్టాడు.

సరిగ్గా ఆ వారమే పెద్ద పని ఒకటి తగిలింది. రిటైరైన రైల్వే ఉద్యోగుల సంఘంవాళ్ళు కొత్తగా హాలు కట్టుకున్నారు. చనిపోయిన తమ సభ్యుల ఫోటోలు అరవై నాలుగు తెచ్చి, హాలు తెరిచే రోజుకు ఫ్రేములన్నీ కావాలన్నారు. ఆ రోజు ఆచారి సంవత్సరీకానికి ముందురోజు. మద్దిలేటి ఒప్పుకున్నాడు. అర చాలక ఫోటోలను గోడల పొడుగునా నేల మీద ఆనించి పెట్టారు. టోపీలు పెట్టుకున్నవాళ్ళు, కళ్ళజోళ్ళవాళ్ళు, బొట్లు పెట్టుకున్నవాళ్ళు, అందరూ నాలుగు వైపుల నుంచీ బల్లనే చూస్తున్నారు.

ఆచారి మెషీను బాగా నడిచింది. పొద్దున్న ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఆగేది కాదు. మద్దిలేటి మురిసిపోయి ఇంకా తొందరపెట్టాడు. తుడవడం మాట మరిచిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ అతను అర వైపు చూశాడు. ఆచారి ఫోటో మీద పొడి పడి ఉంది. మిగతా ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి. ఆచారి ఫోటోలో కూడా శాలువా శుభ్రంగానే ఉంది, నుదురు శుభ్రంగానే ఉంది. ముక్కు మీదా పెదాల మీదా మాత్రం సన్నటి టేకు పొడి మందంగా పేరుకుని ఉంది. లేచి తుడిచాడు. మర్నాడు మళ్ళీ అంతే. షాపు ఫ్యాను గాలికి పడుతోందని ఫోటోను గోడ వైపు తిప్పి పెట్టాడు. సాయంత్రం తిప్పి చూస్తే ముక్కు మీద, పెదాల మీద పొడి. సుంకమ్మ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి అంచులు అతికించింది. మర్నాటికి కవరు అతికించినట్టే ఉంది. పొడి మాత్రం లోపల ఉంది.

సుంకమ్మ ఆ కవరు తెచ్చి అతనికి చూపించింది. "ఏమయ్యా, ఆ మెషీనును ఒకసారి విప్పి చూడరాదా?" అంది.

ఫోటోకూ మెషీనుకూ ఏం సంబంధమని మద్దిలేటి విసుక్కున్నాడు. ముందు అరవై నాలుగూ పూర్తికానిమ్మన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులకు పట్టపగలు కరెంటు పోయింది. తిరుగుతున్న బిట్టు మెల్లగా ఆగిపోయింది. షాపు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో బల్ల కింది నుంచి ఒక చప్పుడు వినిపించింది. ఎవరో కష్టపడి ఊపిరి లోపలికి లాగుతున్నట్టుంది. లాగడం చాలాసేపు సాగింది. తర్వాత ఈలలాంటి సన్నటి కూతతో బయటికి వదిలినట్టయింది. మళ్ళీ లాగడం. మద్దిలేటి లేచి వైరును గోడ నుంచి పీకేశాడు. చప్పుడు ఆగలేదు. సుంకమ్మ వంగి బల్ల కిందికి చేయి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. జ్వరంతో ఉన్నవాళ్ళ నుదురులా కాలిపోతోందని చెప్పింది. వేడి ఇనుము చల్లారేటప్పుడు ఏవో చప్పుళ్ళు వస్తాయని మద్దిలేటి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. కాస్త బొంగురుపోయింది.

మూడు రోజుల్లో ఆ బొంగురు ముదిరింది. మెషీను గొంతు కూడా మునుపటిలా లేదు. తుమ్మెద రొద పోయి, గొంతులో కఫం అడ్డుపడిన మనిషి మాటలా గరగరమంటోంది. అది గరగరమన్నప్పుడల్లా మద్దిలేటికి ఛాతీ పట్టేసేది. షాపు దాటి బయటికి వస్తే హాయిగా ఉండేది. డాక్టరు ఛాతీ అంతా చూసి ఏమీ లేదన్నాడు, ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు. మద్దిలేటి కట్టుకున్నాడు. అయినా పొద్దున నిద్ర లేచేసరికి నాలుక మీద చెక్కపొడి రుచి తగిలేది. ఒకరోజు సుంకమ్మ అతన్ని లేపబోయి ఆగిపోయింది. స్నానం చేసి పడుకున్న మనిషి పై పెదవి మీద టేకు పొడి సన్నని గీతలా పేరుకుని ఉంది. ఆమె పైట చెంగుతో తుడిచింది. ఆ రోజు ఆమె మెషీను విప్పుతానని తనే స్క్రూడ్రైవరు పట్టుకుంది. మద్దిలేటి దాన్ని లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. లోలోపల అతనికీ భయంగానే ఉంది. కాని విప్పితే ఒక పూట పోతుంది. ఇంకా ఇరవై ఫ్రేములున్నాయి.

హాలు తెరిచే రోజు వచ్చింది. సంఘంవాళ్ళు సాయంత్రం నాలుగింటికి బండి పంపుతామన్నారు. పొద్దున పదకొండింటికి ఇంకా పదకొండు ఫ్రేములు మిగిలి ఉండగా కాళికాంబ షాపుకు వచ్చింది. మర్నాడే సంవత్సరీకమని, నాయన ఫ్రేము కోసం వచ్చానని చెప్పింది. సుంకమ్మ తల దించుకుని కవరు తీసి ఇచ్చింది. కాళికాంబ దాన్ని గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకుపోయి చూసింది.

"అన్నా" అంది. "మా నాయన నోరు తెరిచి ఫోటో దిగలేదు."

మద్దిలేటి దగ్గరికి వెళ్ళి చూశాడు. గట్టిగా మూసుకుని ఉండాల్సిన పెదాలు విడిపోయి ఉన్నాయి. వాటి మధ్య వేలు పట్టేంత నల్లటి సందు ఉంది. కాగితానికి చెమ్మ తగిలి ఉంటుందని అతను గొణిగాడు. కాళికాంబ బల్ల దగ్గరికి వెళ్ళి కిందికి వంగింది. ఆకుపచ్చ రంగు ఎక్కడా కనిపించలేదు. మెషీను గాలి పీల్చే సందులన్నీ పూడిపోయి, పుట్టలా ఉంది.

"ఒక్క గంట ఆపన్నా" అంది ఆమె. "నేనే విప్పుతాను, నేనే ఊదుతాను. నువ్వు కూర్చుని టీ తాగు."

"గంట ఎక్కడిదమ్మా నాకు? ఈ పూట గడవనీ. రేపు పొద్దున్నే విప్పి తుడుస్తాను."

"రేపటిదాకా అది ఉండదు."

"లేకపోతే ఇంకోటి వస్తుంది" అన్నాడు మద్దిలేటి.

కాళికాంబ అతని మొహంలోకి చూసింది. ఫోటోను ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఆమె అట్లా కూర్చుంటే తనకు పని సాగదని మద్దిలేటికి అనిపించింది. ముందు ఆమె ఫ్రేము చేసి పంపేస్తే సరిపోతుందనుకున్నాడు. వెడల్పాటి అంచు కాబట్టి షాపులో ఉన్న అన్నిటికంటే పెద్ద బిట్టు తీశాడు. పొడి నిండిన బిగింపులోకి దాన్ని అడుగు తగిలేదాకా దించి, బలమంతా పెట్టి బిగించాడు. వేగం తగ్గించలేదు. మంచి టేకు బద్ద ఎంచి, మొత్తం లోతును ఒక్క కోతలో తీయాలని బిట్టుకు ఆనించి తోశాడు.

మెషీను గొంతు ఒక్కసారి పూడుకుపోయింది. బద్ద మీద నల్లటి మాడు గీత పడింది. కాలిన వాసన వచ్చింది. సుంకమ్మ ఆపమంది. మద్దిలేటి ఇంకాస్త తోశాడు. బల్ల కింద నీలంరంగు నిప్పురవ్వలు రాలాయి, వాటి వెంట పొగ లేచింది. అప్పుడు అతని ఊపిరి ఆగిపోయింది.

గాలి పీల్చాలని నోరు తెరిచాడు. నోటి నిండా పొడి పడింది. కాళ్ళ కింద నేల కదిలి తల్లకిందులైనట్టు అనిపించింది. కళ్ళు బైర్లు కమ్మి, మళ్ళీ తేటపడ్డాయి. అతను ఎక్కడో ఇరుకైన చోట తలకిందులుగా వేలాడుతున్నాడు. పైన గుండ్రటి రంధ్రం ఒకటి ఉంది, అందులోంచి పగటి వెలుతురు వస్తోంది. ఆ వెలుతురులోంచి పొడి రాలుతోంది. మెల్లగా, ఆగకుండా, అతని కళ్ళ మీద, ముక్కు మీద, తెరిచిన నోట్లో రాలుతోంది. నోరు మూసుకోవాలని చూశాడు. మూతపడలేదు. రంధ్రం పైన రెండు చేతులు బద్దను తోస్తూ కనిపించాయి. ఆపమని అరవబోయాడు. గరగరమని శబ్దం వచ్చింది గాని మాట రాలేదు. ఆ చేతులు ఆగలేదు. ఎడమచేతి వేలికున్న రాగి ఉంగరం చూసి, అవి తన చేతులేనని మద్దిలేటి గుర్తుపట్టాడు.

షాపులో సుంకమ్మకు కనిపించింది వేరు. భర్త బల్ల పక్కన కూలబడిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మొహం నల్లబడుతోంది. ముక్కు దగ్గరా పెదాల మీదా పొడి పేరుకుంటోంది. ఆమె వైరు పీకేసి, అతని తల ఒళ్ళోకి తీసుకుని పొడి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ పేరుకుంది. పై నుంచి ఏమీ రాలడం లేదు, గాలి కూడా లేదు. ఆమె మళ్ళీ తుడిచింది. మళ్ళీ వచ్చింది.

"వదినా, అక్కడ కాదు" అంది కాళికాంబ.

ఆమె అప్పటికే బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుంది. మద్దిలేటి జేబులోంచి పైకి కనిపిస్తున్న స్క్రూడ్రైవరు తీసుకుంది. ఏళ్ళ తరబడి తండ్రి రోజూ చేస్తుంటే చూసిన పని అది. ఎటు తిప్పితే ఏది వదులవుతుందో ఆమె చేతులకు తెలుసు. మెషీనును కిందికి దించి, కాలుతున్నా పైట అడ్డం పెట్టుకుని నిటారుగా నిలబెట్టి, మూత తీసింది. సుంకమ్మ పరుగున వెళ్ళి బ్లోయరు తెచ్చి ఇచ్చింది. కాళికాంబ దాన్ని మెషీను సందుల్లో పెట్టి మీట నొక్కింది.

లోపలి నుంచి పొడి లేచింది. గుప్పెడు కాదు, దోసెడు కాదు. అంత చిన్న మెషీనులో అంత పొడి ఎట్లా పట్టిందో తెలియలేదు. షాపంతా మంచు కమ్మినట్టయింది. గోడల పొడుగునా ఉన్న ఫోటోల్లో ఒక్క మొహం కూడా కనిపించలేదు. ఊదుతూ పోయేకొద్దీ పొడి రంగు మారింది. మొదట టేకు రంగు, తర్వాత ముదురు గోధుమ రంగు. చివరికి వచ్చింది బూడిద రంగులో ఉంది. ఆ బూడిద రంగు పొడి బయటికి రావడమూ మద్దిలేటి ఒళ్ళంతా కుదిపేసేలా ఒక ఊపిరి పీల్చడమూ ఒక్కసారే జరిగాయి. తర్వాత చాలాసేపు దగ్గాడు. సుంకమ్మ వీపు నిమురుతూ ఉంది. మెషీను లోపలి నుంచి కూడా ఒక నిట్టూర్పు లాంటిది వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

పొడి అణిగాక కాళికాంబ స్టూలు మీద పెట్టిన ఫోటో తీసింది. శాలువా ఉంది. నీలం చొక్కా ఉంది. మొహం ఉండాల్సిన చోట టేకు పొడి రంగు మచ్చ ఉంది. సుంకమ్మ దూదితో తుడిచింది, తడిగుడ్డతో అద్దింది. పొడి అయితే పోయేది. కాగితమే ఆ రంగుకు మారిపోయింది. కాళికాంబ ఆ ఫోటోను తిరిగి కవరులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం సంఘంవాళ్ళు యాభై మూడు ఫ్రేములు తీసుకుపోయారు. హాలు గోడ మీద పదకొండు మేకులు ఖాళీగా మిగిలాయి. ఆ మేకుల కింద కూర్చున్న ఆ పదకొండు మంది ఇంటివాళ్ళు మద్దిలేటిని ఏమన్నారో అతని చెవిన పడకుండా ఉండలేదు. మిగిలిన ఫోటోలు ఇంకో షాపుకు పోయాయి.

అదే సాయంత్రం మద్దిలేటి మెషీనును గుడ్డలో చుట్టుకుని దస్తగిరి దగ్గరికి నడిచాడు. దస్తగిరి విప్పి చూసి, ఇంకొక్క నిమిషం తిరిగి ఉంటే చేయడానికేమీ ఉండేది కాదన్నాడు. రెండు బేరింగులూ, మోటారుకు కరెంటు అందించే కార్బన్లూ, స్విచ్చూ మార్చాడు. మద్దిలేటి పక్కనే కూర్చుని ప్రతి ముక్కనూ తన చేత్తో తుడిచి అందించాడు. ఈసారి నవ్వలేదు.

మర్నాడు సంవత్సరీకం. మద్దిలేటి, సుంకమ్మ రైలు పట్టాలు దాటి కాళికాంబ ఇంటికి వెళ్ళారు. మొహం లేని ఆ ఫోటోనే గోడకు ఆనించి దండ వేసి ఉంది. ఇద్దరు పిల్లలు దాని ముందు కూర్చుని ఉన్నారు. మద్దిలేటి మెషీనును ఆమె ముందు పెట్టి, ఇది తన దగ్గర ఉండదగినది కాదని, తిరిగి తీసుకొమ్మని అన్నాడు. క్షమించమని అడగడానికి అతనికి నోరు రాలేదు.

కాళికాంబ పిల్లల వైపు చూసింది. "మా నాయన మొహం నాకు గుర్తుందన్నా. నా పిల్లలకు ఎట్ల చూపించాలో అదే తెలియడం లేదు."

మద్దిలేటి తల ఎత్తలేదు.

ఆమె మెషీనును తీసుకోలేదు. పని చేసే మెషీను పని జరిగే చోటే ఉండాలని నాయన అనేవాడని చెప్పింది. భోజనాలయ్యాక దాన్ని వాకిట్లో చాప మీద పెట్టి, తండ్రి ఎట్లా చేసేవాడో అట్లాగే మొదటి నుంచీ చేసి చూపించింది. ఈసారి మద్దిలేటి తల ఊపలేదు. ఆమె చేసింది తను మళ్ళీ చేసి, సరిగ్గా ఉందా అని అడిగాడు. రెండుసార్లు తప్పు చేశాడు. మూడోసారి కుదిరింది.

ఆ రోజు నుంచి మద్దిలేటి సాయంత్రం అయిదింటికల్లా కోతలు ఆపేసేవాడు. ఎంత తొందర పని ఉన్నా, వచ్చినవాళ్ళు ఎంత కోప్పడినా, మెషీనును విప్పి ఊది తుడిచి పక్కన పెట్టాకే మిగతా పని ముట్టుకునేవాడు. లోతు కోతను మూడు విడతలుగా తీసేవాడు. దాని గొంతులో ఏ మాత్రం తేడా వినిపించినా, మాట్లాడుతున్నవాళ్ళను చేత్తో ఆగమని సైగ చేసి, ముందు మీట ఆపి చెవి పెట్టి వినేవాడు. ఆ మెషీను ఇంకా పద్నాలుగేళ్ళు పని చేసింది. అతని ఊపిరికి మళ్ళీ ఏ ఇబ్బందీ రాలేదు.

మనకు అన్నం పెట్టే పనిముట్టుకు వేళకు ఊపిరి ఆడనివ్వాలి. ఇది పోతే ఇంకోటి వస్తుందనుకునేవాడు, పోతే మళ్ళీ రానిదాన్ని పోగొట్టుకుంటాడు.